కొనుగోలుదారులను గమనిస్తూ మన వర్గ అంచనాలను పరీక్షించుకోవడం ఎలా? హైదరాబాద్ బజార్ల ఆధారంగా ఒక సమగ్ర మార్గదర్శి

కూరగాయల బండి ముందు నిలబడిన మనిషిని చూసిన రెండు మూడు క్షణాల్లోనే ఆయన ఏ పని చేస్తారో, ఏ పేటలో ఉంటారో, చేతిలో ఎంత డబ్బు ఆడుతుందో మన మనసు ఒక లెక్క వేసేస్తుంది. ఆ లెక్క వేసుకున్న సంగతి మనకే తెలియదు. పక్కకు జరిగి దారి ఇవ్వడంలోనో, "నువ్వు" అనాలా "మీరు" అనాలా అన్నది తేల్చుకోవడంలోనో, బిల్లు దగ్గర ఎవరైనా ఆలస్యం చేస్తే విసుక్కోవడంలోనో అది బయటపడుతుంది. ఆ లెక్కను కాగితం మీదికి తెచ్చి, అందులో కంటితో చూసినది ఎంత, చూడకముందే మనలో ఉన్నది ఎంత అని విడదీసుకోవడం ఎలాగో ఈ మార్గదర్శి వివరిస్తుంది. సామాజిక శాస్త్రం చదివే విద్యార్థులకూ, విలేఖరులకూ, సర్వేలకు వెళ్లేవారికీ, దుకాణాల్లో పనిచేసేవారికీ ఇది నేరుగా ఉపయోగపడుతుంది. మిగిలినవారికి కావలసిందల్లా ఒక చిన్న నోటుపుస్తకం, వారానికి ఒకటి రెండు గంటల తీరిక, తన మనసులో మెదిలిన మాటను మార్చకుండా రాసుకునే ధైర్యం.

ఇందులో పరిశీలనకు గురయ్యేది చూసేవారే. బజారుకు వచ్చినవారు అక్కడికి మనకోసం రాలేదు. వారి గురించి నిజం తెలుసుకునే హక్కు గానీ, వీలు గానీ మనకు లేవు. కాబట్టి "నా అంచనా సరైనదేనా?" అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు దొరకదు. "ఈ అంచనాకు నేను దేన్ని ఆధారం చేసుకున్నాను?" అన్న ప్రశ్నకు మాత్రం ప్రతిసారీ దొరుకుతుంది. ఈ రెండో ప్రశ్న మీదే మొత్తం పద్ధతి నడుస్తుంది.

ముందుగా: వర్గం అంటే దేన్ని ఉద్దేశిస్తున్నాం?

వర్గాన్ని కొలవడమే వృత్తిగా ఉన్నవారు సైతం మనుషుల వాలకం చూసి కొలవరు. పట్టణ కుటుంబాల కోసం బి. కుప్పుస్వామి 1976లో ప్రచురించిన కొలమానం కుటుంబ పెద్ద చదువు, వృత్తి, కుటుంబ ఆదాయం అనే మూడింటినే లెక్కలోకి తీసుకుంటుంది. ఆదాయపు అంకెలను ధరలకు తగ్గట్టు ఎప్పటికప్పుడు సవరిస్తూ మన వైద్య కళాశాలల్లో ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు. మార్కెట్ పరిశోధన సంస్థలు 2011లో తెచ్చుకున్న వర్గీకరణ ఇంకా సూటిగా ఉంటుంది. ఇంట్లో ప్రధానంగా సంపాదించే వ్యక్తి ఎంతవరకు చదివారు, ఒక నిర్ణీత జాబితాలోని 11 వస్తువుల్లో ఆ ఇంట్లో ఎన్ని ఉన్నాయి అన్న రెండు ప్రశ్నలతో ఇళ్లను 12 మెట్లుగా విభజిస్తుంది.

ఈ రెండు కొలమానాల్లోనూ బజారులో కంటికి కనిపించే అంశం ఒక్కటైనా లేదని గమనించండి. చదువు కనిపించదు, ఇంట్లోని ఫ్రిజ్ కనిపించదు, అప్పు అసలే కనిపించదు. ఎకరాల కొద్దీ పొలం ఉన్న ఆసామి నలిగిన చొక్కాతో రావచ్చు. నెలవారీ వాయిదాల్లో పీకలదాకా మునిగిన ఉద్యోగి ఖరీదైన బూట్లతో రావచ్చు. కాబట్టి పని మొదలుపెట్టే ముందు ఒక పేజీలో ఆదాయం, ఆస్తి, చదువు, వృత్తి, నలుగురిలో గౌరవం అనే అయిదు మాటలు విడివిడిగా రాసుకోండి. తర్వాత మీరు వేసే ప్రతి అంచనా వీటిలో దేని గురించో గుర్తు పెట్టాలి. "బాగా ఉన్నవాళ్లు" అని రాసి ఊరుకుంటే ఈ అయిదూ కలగాపులగమవుతాయి.

మొదటి అడుగు: గడప దాటకముందే రాయవలసినవి

బజారుకు వెళ్లకముందే ఇంట్లో కూర్చుని కొన్ని వాక్యాలు పూర్తి చేయండి. "డబ్బున్నవాళ్లు కూరగాయల దగ్గర…", "రోజుకూలీ చేసేవాళ్లు కిరాణా కొట్టులో…", "చదువుకున్నవాళ్లు వరుసలో నిలబడినప్పుడు…", "మా లాంటి ఇళ్లలో ఎప్పుడూ…" అన్నవి నమూనాకు కొన్ని. ఆలోచించి రాయవద్దు, నోటికి వచ్చింది వచ్చినట్టే రాయండి. సభ్యంగా కనిపించాలని దిద్దుకుంటే ఆ పేజీకి విలువ ఉండదు, పైగా దాన్ని ఎవరికీ చూపించే పని లేదు.

రెండో పేజీలో మీ ఇంటి కొనుగోళ్ల చరిత్ర రాయండి. చిన్నప్పుడు సరుకులు ఎక్కడినుంచి వచ్చేవి? కిరాణా కొట్టులో ఖాతా ఉండేదా, నెల మొదట్లో ఎవరు వెళ్లి ఆ పద్దు తీర్చేవారు? ఇంట్లో ఉన్నది తెల్ల రేషన్ కార్డా, గులాబీ కార్డా? చౌక ధరల దుకాణం ముందు వరుసలో మీరు నిలబడ్డారా, నిలబడినప్పుడు తెలిసినవారు చూస్తే ఏమనిపించేది? బేరమాడేది అమ్మా, నాన్నా? పండుగ బట్టలు ఎక్కడ కొనేవారు, రెడీమేడ్ కొనేవారా, గుడ్డ తెచ్చి దర్జీకి ఇచ్చేవారా? మన అంచనాల్లో చాలావాటికి పుట్టిల్లు ఈ పేజీయే. ఉదాహరణకు, నెలవారీ ఖాతా ఉన్న ఇంట్లో పెరిగినవారికి అరువు నమ్మకానికి గుర్తు. అరువంటే అవమానమని విన్న ఇంట్లో పెరిగినవారికి అదే అరువు లేమికి గుర్తు. ఒకే కొట్టు ముందు ఒకే దృశ్యాన్ని చూసి ఈ ఇద్దరూ రెండు వేర్వేరు వాక్యాలు రాస్తారు.

రెండో అడుగు: చోటునూ వేళనూ ఎంచుకోవడం

ఒకే చోట ఎంతసేపు కూర్చున్నా ఉపయోగం తక్కువ. ఆ చోటికి వచ్చేవారిని ఆ చోటే ముందుగా వడపోస్తుంది కనుక, కనీసం మూడు రకాల చోట్లు కావాలి. హైదరాబాద్‌లో ఉన్నవారికి మొదటిదిగా మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి వంటి చోట్ల ఉన్న రైతుబజార్లలో ఒకటి మంచిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో దళారులు లేకుండా రైతులే నేరుగా అమ్ముకోవడానికి వీటిని మొదలుపెట్టింది. ఏ రోజు ధరలు ఆ రోజు బోర్డు మీద రాసి ఉంటాయి కనుక బేరానికి చోటు తక్కువ. బేరమన్న గుర్తు లేనప్పుడు మీ మనసు వేరే ఏ గుర్తులను వెతుక్కుంటుందో అక్కడ తెలుస్తుంది. రెండోది ఏదైనా పెద్ద సూపర్ మార్కెట్. మూడోది మీ కాలనీలో వారానికొకసారి రోడ్డు పక్కన జరిగే అంగడి, లేదా సికింద్రాబాద్ జనరల్ బజార్, సుల్తాన్ బజార్, బేగంబజార్ వంటి పాత వీధి. విజయవాడవారికి బీసెంట్ రోడ్డు ఇదే పని చేస్తుంది.

వేళ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. నెల మొదటి వారంలో సూపర్ మార్కెట్ ట్రాలీలు నిండుగా కనిపిస్తాయి. నాలుగో వారంలో అదే మనుషులు చేతి బుట్టతో వస్తారు. అంగడికి సాయంత్రం అయిదింటికి వచ్చేవారు కాయ కాయా ఏరుకుంటారు, రాత్రి తొమ్మిది దాటాక వచ్చేవారు కుప్ప లెక్కన తీసుకుంటారు. రెండోవారు పేదలనుకోవడం తేలిక. ఆ వేళకు గానీ పని వదలని నర్సులు, దుకాణాల్లో పనిచేసేవారు, రెండో షిఫ్టు ముగించుకున్న కంప్యూటర్ ఉద్యోగులు కూడా ఆ గుంపులోనే ఉంటారు. శ్రావణ మాసం, బడులు తెరిచే జూన్, ఆవకాయ పట్టే వేసవి వంటివి ఎవరి బుట్టనైనా మార్చేస్తాయి కనుక ప్రతి పేజీ మీద తేదీ, వారం, వేళ తప్పక వేయండి.

బజారులో కనిపించనివారిని కూడా లెక్కలో ఉంచుకోవాలి. ఫోనులో నొక్కి పది నిమిషాల్లో ఇంటికి తెప్పించుకునేవారు మీ పుస్తకంలోకి రారు. వారి సరుకులు మోసుకెళ్లే కుర్రవాడు వస్తాడు. పనిమనిషి, డ్రైవరు, అపార్ట్‌మెంట్ కాపలాదారు యజమాని ఇంటికోసం కొంటుంటారు. టిఫిన్ సెంటర్ నడిపే ఆమె బస్తా ఉల్లిపాయలు తీసుకెళ్తుంది. కొనేవారు, తినేవారు, డబ్బు ఇచ్చేవారు ముగ్గురూ వేరు కావచ్చునన్న మాటను పుస్తకం అట్ట లోపలివైపు రాసుకోవడం మంచిది.

మూడో అడుగు: హద్దులు

ఈ భాగాన్ని దాటవేసి ముందుకు పోవద్దు. ఎవరినీ ఫోటో తీయకూడదు, వీడియో తీయకూడదు, ఒక దుకాణం నుంచి మరో దుకాణానికి వెంబడించకూడదు. పిల్లలను పరిశీలన నుంచి పూర్తిగా మినహాయించండి. బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఫోన్ నంబరు బిగ్గరగా అడిగే అలవాటు మన సూపర్ మార్కెట్లలో ఉంది కనుక అక్కడికి దగ్గరగా నిలబడకండి. చెవిన పడిన పేరు గానీ, నంబరు గానీ రాయకండి. మనిషిని ఆనవాలు పట్టే వివరాలేవీ పుస్తకంలో ఉండకూడదు. "నడివయసు స్త్రీ, నూలు చీర, చేతిలో సంచి" వరకు చాలు.

దుకాణం లోపల కూర్చుని రాయదలిస్తే మేనేజరుకు ముందే చెప్పి అనుమతి తీసుకోండి. ఎవరైనా ఏం రాస్తున్నారని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వారికి నచ్చకపోతే వారి గురించి రాసిన వాక్యాన్ని వారి ముందే కొట్టేయండి. పురుషులు స్త్రీలను అదే పనిగా చూస్తూ నిలబడితే ఉద్దేశం ఎంత మంచిదైనా ఎదుటివారికి అది వేధింపే. అందువల్ల మనుషులమీద కన్నా కౌంటరుమీదా, బుట్టమీదా, మాటల మీదా దృష్టి పెట్టడం సరైన పద్ధతి. నిలబడి రాయడం కన్నా, ఏదో ఒకటి కొంటూ చూసి, బయటకు వచ్చిన వెంటనే రాసుకోవడం చాలా సందర్భాల్లో మేలు. ఆలస్యమైతే జ్ఞాపకం తన ఇష్టం వచ్చినట్టు అల్లుకుపోతుంది, అందుకే ఒక విడతలో అరగంటకు మించి చూడవద్దు.

నాలుగో అడుగు: పేజీని నాలుగు గళ్లు చేయడం

మొదటి గడిలో కంటితో చూసినది, చెవితో విన్నది. రెండో గడిలో వెంటనే మనసుకు తట్టిన అంచనా, అది పై అయిదింటిలో దేని గురించో. మూడో గడిలో ఆ అంచనాకు ఆధారమైన గుర్తు. నాలుగో గడిలో అదే దృశ్యానికి సరిపోయే వేరే కారణాలు, కనీసం రెండు. నాలుగో గడి నింపనిదే తర్వాతి మనిషి గురించి రాయకూడదు.

మొదటి గడి తేలికగా కనిపిస్తుంది గానీ అన్నిటికన్నా కష్టమైనది అదే. "పద్ధతిగా ఉన్న కుటుంబం", "మాస్‌గా ఉన్న కుర్రాళ్లు", "క్లాస్ మనుషులు", "పల్లెటూరి వాళ్లు", "డబ్బు చేసినవాళ్లు" వంటివి చూసినవి కావు, తీర్పులు. ఇలాంటి మాటలు మొదటి గడిలో దొర్లితే గీత కొట్టి, ఏం చూసి అలా అనిపించిందో రాయండి. ఒక నమూనా చూడండి. ఇది ఏ ఒక్కరి గురించీ కాదు, పేజీ ఎలా ఉండాలో చెప్పడానికి అల్లినది.

చూసినది: ముప్ఫై దాటిన వ్యక్తి, రబ్బరు చెప్పులు, చొక్కా మీద సున్నపు మరకలు, అయిదు లీటర్ల నూనె డబ్బా, రెండు కిలోల జీడిపప్పు తీసుకున్నారు, ఫోనుతో చెల్లించారు. అంచనా: ఎవరి ఇంటికోసమో కొంటున్నారు; వృత్తి కూలిపని. ఆధారం: మరకలు, చెప్పులు, జీడిపప్పు ఆయన తినేది కాదన్న నమ్మకం. వేరే కారణాలు: ఇల్లు కట్టిస్తూ మధ్యలో వచ్చిన యజమాని కావచ్చు; రంగులు వేయించే కాంట్రాక్టరు కావచ్చు; కూలిపనే చేస్తూ ఇంట్లో పెళ్లికి కొంటూ ఉండవచ్చు.

ఇక్కడ దొరికిన అసలు సరుకు మూడో గడిలో ఉంది. "జీడిపప్పు ఆయన తినేది కాదు" అన్న వాక్యం మొదటి అడుగులో రాసుకున్న పేజీలో లేకపోవచ్చు. అడిగితే అలా అనుకుంటామని మనం ఒప్పుకోం కూడా. బజారు దాన్ని రాయించింది.

అయిదో అడుగు: ఒక్కో గుర్తును విడిగా పరీక్షించడం

రెండు మూడు విడతలయ్యాక మూడో గడిలో కొన్ని గుర్తులు పదేపదే వస్తున్నట్టు కనిపిస్తుంది. అప్పుడు ఒక విడతకు ఒక గుర్తునే పెట్టుకుని చూడాలి. మన బజార్లలో ఎక్కువగా మోసం చేసే కొన్ని గుర్తులు ఇవి.

బేరం. డబ్బున్నవారు బేరమాడరన్నది ఒక నమ్మకం, డబ్బున్నవారే ఎక్కువ పీడిస్తారన్నది దానికి ఎదురు నమ్మకం. రెండూ ఒకే మనిషిలో ఉండగలవు, సందర్భాన్ని బట్టి ఒక్కోటి బయటికి వస్తుంది. బేరాన్ని చూసేటప్పుడు ఎంత తగ్గించమన్నారన్నదానికన్నా ఎలా అడిగారన్నది రాయండి. "ఇంతకు ఇస్తావా, పోనా?" అనడానికీ, "ఎప్పుడూ నీ దగ్గరే తీసుకుంటాను కదమ్మా" అనడానికీ తేడా ఉంది. కొత్తిమీర కట్టో, నాలుగు పచ్చిమిరపకాయలో కొసరు అడగడం చాలాచోట్ల డబ్బుకు సంబంధించిన విషయమే కాదు. అమ్మేవారికీ కొనేవారికీ మధ్య పాత పరిచయాన్ని ఒకసారి తడిమి చూసుకోవడం. అమ్మే ఆమె కొసరు వేసిందంటే, మీరు తన గిరాకీ అని ఆమె ఒప్పుకున్నట్టు.

కొలత, ప్యాకెట్ పరిమాణం. తమిళనాడులోని కడలూరు నుంచి 1983లో వచ్చిన చిక్ షాంపూ సాషేతో చిన్న ప్యాకెట్ల వ్యాపారం దక్షిణాది పల్లెల్లోకి బలంగా పాకింది. అప్పటినుంచి సాషే అంటే పేదవాడి కొనుగోలు అన్న ముద్ర స్థిరపడింది. ఇప్పుడు కొట్టు ముందు నిలబడి చూడండి: హాస్టల్ విద్యార్థి, ప్రయాణంలో ఉన్నవారు, కొత్త రకం వాడి చూద్దామనుకునేవారు, మిల్లీలీటరు లెక్కన ధర పోల్చుకున్నవారు కూడా సాషేలే తీసుకుంటారు. సీసా ధరనూ సాషే ధరనూ వాటి పరిమాణాలతో భాగించి మీరే చూడండి. కొన్ని రకాల్లో సాషేయే చవక. ఆ లెక్క తెలిసిన మనిషిని లేమిలో ఉన్నట్టు రాసుకున్నామంటే, మన అంచనా ఆ మనిషి తెలివిని కూడా తక్కువ చేసిందన్నమాట. పావుకిలో నూనె, పావుకిలో పప్పు కొనేవారి విషయం వేరు. రోజు కూలి రోజు అందేవారికి నెల సరుకు ఒకేసారి కొనే వీలుండదు కనుక అక్కడ అంచనా చాలాసార్లు నిజం కావచ్చు. నిజం కావచ్చునని కూడా రాసుకోవాలి. ప్రతి అంచనా తప్పేనని నిరూపించడం ఈ పని ఉద్దేశం కాదు.

బియ్యం. దొడ్డుబియ్యం పేదలకు, సన్నబియ్యం కలిగినవారికి అన్న గీత తెలుగునాట చాలా పాతది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక చౌక దుకాణపు బియ్యానికి మరింత గట్టి ముద్ర పడింది. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైన పథకం కింద తెలంగాణలో రేషన్ కార్డుదారులకు మనిషికి నెలకు 6 కిలోల చొప్పున సన్నబియ్యమే ఇస్తున్నారు. ఇక తెలంగాణలో సంచిలోని గింజను చూసి మనిషిని అంచనా వేయడానికి ఆధారం లేదు. అయినా మీ చూపు సంచి మీదికి వెళ్తుందేమో చూడండి. ఆధారం పోయాక కూడా అలవాటు ఎంతకాలం నిలుస్తుందో కొలవడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు.

చెల్లింపు. 2016లో యూపీఐ వచ్చేవరకు కార్డుతో చెల్లించడం ఒక హోదాకు గుర్తు. ఇప్పుడు ఆకుకూరల బుట్ట మీద కూడా క్యూఆర్ కోడ్ ఉంటుంది. నోట్లు లెక్కపెట్టి ఇచ్చేవారిని మీ మనసు ఎక్కడ పెడుతోంది? నగదు వాడేవారిలో కూలి నగదుగా అందేవారు, ఫోను మీద నమ్మకం లేని పెద్దవారు, ఖర్చు చేతిలో పెట్టుకుని అదుపు చేసుకునేవారు, లెక్కల్లోకి రాని ఆదాయం ఉన్నవారు కలిసే ఉంటారు.

బంగారం. వన్ గ్రామ్ గోల్డ్ నగలు ఎంత చక్కగా వస్తున్నాయంటే, పెళ్లిలో పక్కన కూర్చున్న బంధువులే పోల్చుకోలేకపోతున్నారు. మరోవైపు దొంగల భయంతో అసలు నగలు లాకరులో పెట్టి పూసలదండతో తిరిగేవారున్నారు. నగల గుర్తు మీద నిలిచిన అంచనాలను విడిగా చుట్టి పెట్టి, వాటిలో మెడ చూసి వేసినవెన్ని, మాటతీరు చూసి వేసినవెన్ని అని లెక్కించండి.

మాట. ఇది అన్నిటికన్నా లోతైన గుర్తు. ఇంగ్లీషు మాటలు కలిపి మాట్లాడినవారిని ఒక మెట్టు పైన, తెలంగాణ పల్లె యాసలోనో ఉత్తరాంధ్ర యాసలోనో మాట్లాడినవారిని ఒక మెట్టు కింద పెట్టడం మనలో చాలామందికి అప్రయత్నంగా జరిగిపోతుంది. ఏ యాస వినగానే మీ కలం ఏ దిక్కుకు వెళ్లిందో రాసుకోండి. హైదరాబాదీ ఉర్దూలో బేరమాడేవారి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. అక్కడ అంచనా వర్గం దగ్గర ఆగకుండా మతం మీదికి జారుతుంది.

ఆరో అడుగు: దుకాణం వేసే అంచనాను గమనించడం

అంచనాలు మనకే కాదు, అమ్మేవారికీ ఉంటాయి, పైగా వారి రాబడి వాటిమీద కొంత ఆధారపడి ఉంటుంది. ఒక బట్టల దుకాణంలో కాసేపు పిలుపులను మాత్రమే వినండి. ఎవరిని "మేడమ్" అన్నారు, ఎవరిని "అమ్మా" అన్నారు, ఎవరిని "అక్కా" అన్నారు, ఎవరిని "ఏం కావాలమ్మా?" అని వాక్యం చివర తేల్చేశారు? ఎవరికి కుర్చీ వేశారు? ఎవరికి అడగకముందే ధర చెప్పారు? అడగకముందే ధర చెప్పడమంటే చాలాసార్లు "నీ వల్ల కాదు" అని మర్యాదగా చెప్పడం. తలుపు దగ్గర ఎవరి సంచి విప్పించారో, ఎవరిది విప్పించలేదో చూడండి.

తర్వాత అదే మనిషి గురించి మీరు రాసిన అంచనా పక్కన దుకాణం వేసిన అంచనాను పెట్టండి. రెండూ ఒకటైతే, మీ చూపు మీ ఒక్కరిదే కాదని, ఊరంతా ఆ గుర్తులనే వాడుతోందని అర్థం. తేడా వస్తే ఆ తేడా చాలా విలువైనది. అనుభవం ఉన్న అమ్మకందారు చెప్పుల బదులు చేతి సంచినో, చీరను తడిమే తీరునో చూస్తుంటారు. గిరాకీ లేని మధ్యాహ్నం వేళ, ఏ ఒక్క మనిషినీ ప్రస్తావించకుండా, "కొనేవారిని మీరు ఎలా పోల్చుకుంటారు?" అని అడిగితే వారు చెప్పే సంగతులు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకవు.

ఏడో అడుగు: మనిషిని మార్చి అదే పనిని మళ్లీ చదవడం

1983లో జాన్ డార్లీ, పేగెట్ గ్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో ఒక ప్రయోగం ప్రచురించారు. హన్నా అనే బాలికను కొందరు విద్యార్థులకు కలిగిన పేటలోని పిల్లగానూ, మరికొందరికి పేద పేటలోని పిల్లగానూ వీడియోలో చూపారు. అంతవరకే చూసినవారు ఆమె చదువు గురించి దాదాపు ఒకే అంచనా ఇచ్చారు. ఆమె ప్రశ్నలకు జవాబులు చెబుతున్న మరో వీడియోను కూడా చూసినవారు మాత్రం విడిపోయారు. అందరూ చూసింది ఒకే వీడియో అయినా, కలిగిన పిల్ల అనుకున్నవారికి అందులో ఆమె చురుకుదనం కనిపించింది, పేద పిల్ల అనుకున్నవారికి వెనుకబాటు కనిపించింది. అంటే, అదనంగా దొరికిన ఆధారం అంచనాను సరిదిద్దలేదు, దానికి బలం చేకూర్చింది. "ఇంకాసేపు చూస్తే నిజం తెలుస్తుంది" అనుకునే పరిశీలకులందరూ దీన్ని గుర్తుంచుకోవాలి.

దీన్ని మీ పేజీ మీద ప్రయోగించండి. మొదటి గడిలోని ఏదో ఒక పనిని తీసుకుని, మనిషి వర్ణనను మాత్రం మార్చి మళ్లీ చదవండి. పట్టుచీర కట్టుకున్నామె టమాటాలు ఒక్కొక్కటీ నొక్కి చూసి ఏరుకుంటే "జాగ్రత్తపరురాలు" అనిపించి, చీపురు చేతిలో ఉన్నామె అదే పని చేస్తే "విసిగిస్తోంది" అనిపిస్తే, మీ తీర్పు పని గురించి కాదు. బిల్లు అయ్యాక రెండు వస్తువులు తీసేయించినవారు, పిల్ల ఏడుస్తున్నా చాక్లెట్ కొననివారు, ఆఫర్ కోసం అయిదు సబ్బులు పట్టుకెళ్లినవారు ఈ మార్పుకు బాగా లొంగుతారు.

అయితే మన చూపు పూర్తిగా గుడ్డిదనీ అనుకోనక్కరలేదు. మైఖేల్ క్రాస్, డాకర్ కెల్ట్‌నర్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో, అపరిచితులు మాట్లాడుకుంటున్న 60 సెకన్ల వీడియోలు చూసినవారు వారి సామాజిక స్థాయిని ఊహించగలిగారు. యాదృచ్ఛికంగా ఊహిస్తే వచ్చేదానికన్నా కొంత మెరుగ్గానే ఊహించారు. పై స్థాయివారు ఎదుటివారి మీద తక్కువ ధ్యాస పెట్టినట్టు కనిపించడం అందులో ఒక గుర్తు. బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఫోనులో మాట్లాడుతూనే కార్డు చాచేవారినీ, క్యాషియర్ ముఖంలోకి చూసి మాట్లాడేవారినీ గమనించేటప్పుడు ఇది పనికివస్తుంది. అమెరికా విద్యార్థుల మీద చేసిన అధ్యయనం మన బజారుకు ఎంతవరకు సరిపోతుందన్నది కూడా మీరు పరీక్షించవలసిన అంచనాయే.

ఎనిమిదో అడుగు: వర్గం మాటున కులం

ఈ పనిని మన నేల మీద చేస్తే ఈ అడుగు తప్పదు. "వర్గం" అని రాస్తూనే రంగు, పిలుపు, ఇంటిపేరు, బొట్టు, మాంసం దుకాణం ముందు నిలబడడం వంటి గుర్తులతో కులాన్నీ మతాన్నీ ఊహించడం జరిగిపోతుంది. రెండో గడిలో దాన్ని దాచకండి. ఊహించినట్టు ఒక చిన్న గుర్తు మాత్రం పెట్టుకోండి, ఏ కులమో రాయకండి. నెలాఖరున ఆ గుర్తులు ఎన్ని ఉన్నాయో, ఏ చోట్ల ఎక్కువగా పడ్డాయో చూడండి. నా అభిప్రాయంలో, ఈ గుర్తు ఒక్కసారైనా పడని పుస్తకం నిజాయితీగా రాసినది అయ్యే అవకాశం చాలా తక్కువ. శరీర ఛాయకూ డబ్బుకూ ముడిపెట్టిన అంచనాలను ప్రత్యేకంగా పక్కన పెట్టి, వాటికి ఎదురుగా మీ బంధువుల్లోనే ఆ ముడి తెగిపోయే ఉదాహరణలు రాయండి.

తొమ్మిదో అడుగు: సరిచూసుకోవడం

అపరిచితుల గురించి సరిచూసుకోలేం కనుక మూడు ప్రత్యామ్నాయాలున్నాయి. మొదటిది జంటగా చూడడం. మీకు భిన్నమైన నేపథ్యంలో పెరిగిన స్నేహితుణ్నో స్నేహితురాలినో తీసుకెళ్లి, ఒకే కౌంటరును ఒకే అరగంట చూసి, మాట్లాడుకోకుండా ఎవరి పేజీ వారు రాయాలి. తర్వాత మూడో గడులను పోల్చుకోవాలి. అంచనాలు కలిసి గుర్తులు వేరైన చోట ఎక్కువసేపు ఆగండి.

రెండోది సమ్మతితో చూడడం. నలుగురైదుగురు పరిచయస్థులను అడిగి, పేర్లు చింపేసిన వారి సరుకుల బిల్లులు తీసుకుని కలిపేయండి. ఏ బిల్లు ఎవరిదో ఊహించి, తర్వాత అడిగి తెలుసుకోండి. ఇక్కడ మాత్రం జవాబు దొరుకుతుంది. మీ బిల్లును కూడా అందులో కలిపి, మిమ్మల్ని అంతగా ఎరగనివారితో దాని గురించి రెండు వాక్యాలు రాయించండి. అవి చదివి నొచ్చుకున్నారంటే, ఏ మాట నొప్పించిందో దాన్ని మీ పుస్తకంలో మీరు ఎవరి గురించి వాడారో వెతకండి.

మూడోది దేశం లెక్కలతో పోల్చడం. ముందుగా, పట్టణాల్లో ఒక మనిషి నెలకు సగటున ఎంత ఖర్చు పెడతారో, పై అయిదు శాతం వారు సగటున ఎంత ఖర్చు పెడతారో మీ ఊహ రాయండి. ఆ తర్వాత కింది అంకెలు చూడండి. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తలసరి నెల ఖర్చు సగటు గ్రామీణ భారతంలో రూ. 3,773, పట్టణ భారతంలో రూ. 6,459. తెలంగాణ పట్టణాల్లో రూ. 8,158, పల్లెల్లో రూ. 4,802, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో రూ. 6,782, పల్లెల్లో రూ. 4,870. పట్టణ భారతంలో అట్టడుగు అయిదు శాతం వారి సగటు రూ. 2,001, పై అయిదు శాతం వారి సగటు రూ. 20,824.

ఆఖరి అంకెను నలుగురున్న ఇంటికి లెక్కిస్తే నెలకు రూ. 83,296 ఖర్చు. ఇది ఆదాయం కాదని, అద్దెలేని సొంత ఇంటివారికీ అద్దె ఇంటివారికీ పోలిక సూటిగా కుదరదని గుర్తుంచుకుంటూనే, మీ ఇంటి ఖర్చును దీని పక్కన పెట్టండి. సైబరాబాద్ వైపు ఉద్యోగాలు చేస్తూ "మాది మామూలు మధ్యతరగతి" అనుకునే ఇళ్లలో కొన్ని ఈ అంకెకు దగ్గరగానో, పైనో తేలతాయి. బజారులో ఎదుటివారిని ఎక్కడ పెట్టామన్నది, మనల్ని మనం ఎక్కడ నిలబెట్టుకున్నామన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. మధ్యలో ఉన్నామనుకున్నవారికి తమకన్నా కింద ఉన్నవారు తక్కువమందిగా కనిపిస్తారు.

పదో అడుగు: పుస్తకాన్ని చదవడం

నెల తర్వాత మూడో గడులన్నిటినీ ఒక కొత్త పేజీలోకి ఎక్కించి, ఒకే రకమైనవాటిని ఒక్కో నియమంగా మార్చి రాయండి. "చెప్పులు పాతవైతే చేతిలో డబ్బు లేనట్టు", "గట్టిగా నవ్వితే చదువు లేనట్టు", "పిల్లలతో ఇంగ్లీషులో మాట్లాడితే నెలజీతం వచ్చేవాళ్లు" అన్నట్టుగా. ప్రతి నియమం పక్కన మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఇది ఎవరి నోట విన్నాను? ఏం చూస్తే దీన్ని వదులుకుంటాను? దీని ప్రకారం నడుచుకుని ఎవరితో ఎలా మెలిగాను? రెండో ప్రశ్నకు జవాబు తట్టని నియమాలు అనుభవం నుంచి వచ్చినవి కావు, అందుకే అవి గట్టివి. మొదటి అడుగులో పూర్తి చేసిన వాక్యాలను ఇప్పుడు తీసి పక్కన పెట్టుకోండి. ముందు రాయకుండా బజారులో మాత్రమే బయటపడిన నియమాల కింద గీత గీయండి.

దీని తర్వాత మళ్లీ బజారుకు వెళ్లేటప్పుడు ఆ గీత గీసిన వాటిలో ఒక్కదాన్నే తీసుకోండి. దానికి విరుద్ధంగా కనిపించేవారిని మాత్రమే నమోదు చేయండి. నియమానికి సరిపోయేవారిని మనసు ఎలాగూ లెక్కపెడుతూనే ఉంటుంది. చోటును మార్చండి, నెలలో వారాన్నీ మార్చండి. నియమాల పేజీని ఉంచుకుని, మనుషుల వర్ణనలున్న పేజీలను చించి పారేయండి.